కుంచం బొమ్మ వేసిన రాజులు ఎవరికి భయపడ్డారు

"రోమ్ ఎందుకు కూలిపోయిందో తెలుసా? జనానికి ఊరికే తిండి పెట్టి, ఆటలు చూపించి, సోమరిపోతుల్ని చేసింది. అందుకే కూలింది." ఎన్నికలు దగ్గర పడితే చాలు, ఈ మాట మన వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. రెండు రూపాయలకు కిలో బియ్యం రోజుల నుంచి ఇవాళ్టి ఉచిత రేషన్ దాకా, దేన్ని తిట్టాలన్నా రోమ్‌ని సాక్ష్యానికి పిలుస్తారు. మన పథకాల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, వాటి జోలికి నేను పోను. కానీ రోమ్ గురించి చెప్పేది నిజమై ఉండాలి కదా. రెండు వేల ఏళ్ళ కిందట తిండి కోసం గొంతెత్తిన మనుషుల్ని ఇవాళ మనం మన గొడవల కోసం సోమరులని తీసిపారేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ళు చేత్తో పట్టుకున్న చిల్లర ఇప్పటికీ మన ముందే ఉంది, అది చెప్పే కథ పూర్తిగా వేరు.

రోమన్ కంచు నాణేల మీద, ముఖ్యంగా ధాన్యం బొమ్మలున్న వాటి మీద, నాకు చాలా కాలంగా పిచ్చి. (కంచు అని అందరూ అంటారు గానీ పెద్దవి నిజానికి ఇత్తడి, రాగిలో జింక్ కలిపి పోసినవి, కొత్తలో బంగారంలా మెరిసేవి. చిన్నవి ఉత్త రాగి.) గోధుమ వెన్నులు, కొలపాత్ర, ఓడ ముక్కు, పండ్లూ గింజలూ పొంగిపొర్లే కొమ్ము పట్టుకున్న అన్నోనా అనే దేవత. అన్నోనా అంటే నగరానికి వచ్చే ధాన్యం, దాన్నే దేవతను చేశారు. వీటిని చాలామంది "చక్రవర్తి ఔదార్యానికి ప్రచారం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. నాణెం ఏ ఏడాది అచ్చయిందో చూసి, అంతకు ముందు నగరంలో ఏం జరిగిందో పక్కన పెట్టుకుని చదివితే, ఔదార్యం కన్నా ముందు భయం కనిపిస్తుంది. చక్రవర్తి ఎవరికి భయపడ్డాడో వాళ్ళకే నాణెం మీద జవాబు చెప్పుకున్నాడు. ఎవరికి భయపడనక్కర్లేదో వాళ్ళు ఆ బొమ్మలో ఎక్కడా లేరు.

క్లాడియస్ చక్రవర్తి వేయించిన క్వాడ్రన్స్ అనే రాగి నాణెంతో మొదలుపెడతాను. రోమన్ చిల్లరలో అన్నిటికన్నా చిన్నది అదే. నా దగ్గర ఒకటుంది. పెద్ద ఖరీదేం కాదు, అరిగి నల్లబడింది, అడ్డంగా రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, బరువు మూడు గ్రాములు. వెలుతురులో కాస్త వంచి పట్టుకుంటే, రాజు తల ఉండాల్సిన చోట తల ఉండదు. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన ఒక పాత్ర ఉంటుంది, దాని చుట్టూ టైబీరియస్ క్లాడియస్ సీజర్ అగస్టస్ అని పేరు. ఆ పాత్రే మోడియస్, గోధుమలు కొలిచేది, మన పల్లెల్లో ధాన్యం కొలిచే కుంచం లాంటిదే. ఎనిమిదిన్నర లీటర్ల పైచిలుకు పడుతుంది, గోధుమలైతే సుమారు ఆరున్నర కిలోలు. వెనక్కి తిప్పితే మధ్యలో ఎస్, సి అని రెండు పెద్ద అక్షరాలు, అంటే సెనేట్ (రోమ్ పెద్దల సభ) తీర్మానం ప్రకారం అని అర్థం.

రాజు తన ముఖం తీసేసి ఆ జాగాలో కొలపాత్ర ఎందుకు పెట్టాడు? క్రీ.శ. 41 జనవరిలో, అంతకు ముందు చక్రవర్తి కలిగులాని చంపేశారు. అప్పుడు నగరంలో ఏడెనిమిది రోజులకు సరిపడా తిండి మాత్రమే మిగిలి ఉందని, ఆ రోజుల్లో అక్కడే ఉన్న రచయిత సెనెకా రాశాడు. కలిగులా సముద్రం మీద ఓడలు వరసగా పేర్చి వంతెన కట్టించే సరదాలో ఉంటే ఇక్కడ గోదాములు అడుగంటాయి. క్లాడియస్‌ని సెనేట్ ఎన్నుకోలేదు, అంగరక్షక దళం పట్టుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టింది. అలాంటివాడు గద్దెనెక్కిన తొలి ఏడాదే వేయించిన చిల్లర ఇది. స్నానశాలలోకి వెళ్ళాలంటే ఇచ్చే నాణెం క్వాడ్రన్స్. సెనేటర్ల చేతుల్లో బంగారం, వెండి ఆడతాయి, రోజుకూలీ చేతిలో ఆడేది ఇది. "కొలత ఆగదు, నాది పూచీ" అని ఎవరికి చెప్పాలో వాళ్ళ గుప్పిట్లోకే పంపించాడు. తర్వాత కొన్నేళ్ళకి, క్లాడియస్ తర్వాత గద్దెనెక్కిన నీరో గోధుమల ధర దించి మోడియస్‌కి మూడు సెస్టెర్షియస్‌లు (పెద్ద ఇత్తడి నాణేలు) చేశాడు. సెస్టెర్షియస్‌కి పదహారు క్వాడ్రన్స్‌లు. ఆ తగ్గించిన ధరకైనా, ఆ బొమ్మలో ఉన్న పాత్ర ఒక్కసారి నిండాలంటే ఆ బొమ్మ ఉన్న నాణేలు 48 పోయాలి. చేతిలో 48 లేనివాడికి ఆ బొమ్మ ఎలా కనిపించి ఉంటుందో నేను తరచూ ఆలోచిస్తుంటాను.

ఇప్పుడు "ఊరికే తిండి" సంగతి. క్రీ.పూ. 123లో గాయస్ గ్రాకస్ అనే ప్రజానాయకుడు తెచ్చిన చట్టంలో ధాన్యం ఉచితం కాదు, మార్కెట్ కన్నా తక్కువలో ఒక స్థిర ధరకు అమ్మడం మాత్రమే. పూర్తిగా ఉచితం అయింది క్రీ.పూ. 58లో, క్లోడియస్ అనే మరో ప్రజానాయకుడి చట్టంతో (చక్రవర్తి క్లాడియస్ వేరు). ధాన్యం అందుకునేవాళ్ళ లెక్క 3,20,000 మందికి చేరితే జూలియస్ సీజర్ దాన్ని 1,50,000కి కోసేశాడు. అగస్టస్ కాలానికి రెండు లక్షల దగ్గర నిలబడింది. నగర జనాభా పది లక్షల దాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా. అంటే చాలామందికి ఆ గింజ రాదు. ఆడవాళ్ళ పేర్లు జాబితాలో ఉండవు, బానిసలవి ఉండవు, పౌరసత్వం లేనివాళ్ళవి ఉండవు. పేరున్నవాడికి నెలకు ఐదు మోడియస్‌లు, దాదాపు 33 కిలోల గోధుమలు. ఒక మనిషికి ఎక్కువే, భార్యాబిడ్డలున్న ఇంటికి చాలదు. పైగా ఇచ్చేది గోధుమలు, రొట్టె కాదు. మర పట్టించాలి, కాల్పించాలి, నూనె, కూర, కట్టెలు, బట్టలు, అద్దె అన్నీ సంపాదించుకునే కొనాలి. రోమ్‌లో అద్దెలు ఎంత దారుణంగా ఉండేవో ఆ కాలంవాళ్ళు పదేపదే మొత్తుకున్నారు. 33 కిలోల గోధుమలతో కాలు మీద కాలేసుకుని కూర్చోవడం కుదరదండీ.

ఆ గింజ వాళ్ళకి ఏమిటో తెలియాలంటే ఒక చిన్న సమాధి రాయి చూడాలి. గాయస్ సెర్జియస్ ఆల్కిమస్ అనే పిల్లవాడిది. మూడేళ్ళ మూడు నెలల మూడు రోజులు బతికాడని చెక్కారు. దాని తర్వాత ఏం చెక్కారో తెలుసా? "పదో రోజున, 39వ ద్వారం దగ్గర ధాన్యం అందుకున్నాడు." అంతే. జాబితాలో ఉన్న ప్రతివాడికీ నెలలో ఒక తేదీ, పంపిణీశాలలో ఒక ద్వారం కేటాయించేవాళ్ళు. మూడేళ్ళ పిల్లాడు చనిపోతే, వాడి గురించి లోకానికి చెప్పుకోవడానికి ఆ తల్లిదండ్రులకి దొరికిన గౌరవం అది. మా వాడు ఈ నగర పౌరుడు, వాడికీ ఒక ద్వారం ఉండేది అని. దీన్ని చదివాక సోమరితనం అనే మాట నా నోట రాదు.

జాబితాలో లేనివాళ్ళూ, ఉన్నా చాలనివాళ్ళూ బజారులోనే కొనుక్కోవాలి. అందుకే నాణెం మీద అన్నోనా అంటే ఉచిత పంపిణీ ఒక్కటే కాదు, సముద్రం మీద వచ్చే గింజంతా, దాని ధరంతా. ఓడ ఆలస్యమైతే ధర లేచేది, ధర లేస్తే జనం లేచేవాళ్ళు. క్రీ.శ. 51లో అదే జరిగింది. నగరంలో 15 రోజుల గింజ మాత్రమే మిగిలింది. క్లాడియస్ ఫోరంలో (నగరం నడిబొడ్డున ఉన్న చౌకులో) కూర్చుని తీర్పులు చెబుతుంటే జనం చుట్టుముట్టి తిడుతూ ఎండు రొట్టె ముక్కలతో కొట్టారు. సైనికులు దారి చేస్తే ఎలాగో బయటపడి రాజభవనంలో తలదాచుకున్నాడు. కొలపాత్ర బొమ్మ వేసిన పదేళ్ళకి, ఆ మాట తప్పినందుకు నిలదీశారన్నమాట. దానికి ఆయన చేసిన పనులు చూడండి: చలికాలంలో కూడా ఓడలు నడిపితే తుఫాను నష్టం ఖజానా భరిస్తుందన్నాడు. పది వేల మోడియస్‌లు పట్టే ఓడ కట్టి, ఆరేళ్ళు రోమ్‌కి గోధుమలు తోలితే, పూర్తి పౌరసత్వం లేని లాటిన్‌లకి పౌరసత్వం ఇస్తానన్నాడు. అంతకు ముందే, 42లో, టైబర్ నది ముఖద్వారం పక్కన, రోమ్ రేవు పట్నం ఆస్టియాకి కొద్ది దూరంలో కొత్త రేవు తవ్వకం మొదలుపెట్టించాడు. కట్టేవాళ్ళు ఖర్చు చెప్పి భయపెట్టినా ఆగలేదు. దీపస్తంభానికి పునాదిగా ఒక బ్రహ్మాండమైన ఓడను రాళ్ళూ సున్నంతో నింపి ముంచేశారు. కలిగులా ఈజిప్టు నుంచి ఏకశిలా స్తంభాన్ని తెప్పించిన ఓడ అది. ఆ స్తంభమే ఇప్పుడు వాటికన్ చౌకులో నిలబడి ఉంది. అది దొర్లిపోకుండా ఓడ అడుగున బరువు కోసం 1,20,000 మోడియస్‌ల చిరుసెనగలు (మసూర్ పప్పు అనుకోండి) పోశారట. పర్యాటకులకి ఆ సంగతి ఎవరైనా చెబుతారో లేదో.

అన్నిటికన్నా అందమైన ధాన్యం నాణేలు నీరోవి. ఆ అందమే మనల్ని మోసం చేస్తుంది, అందుకే ఇక్కడ కాస్త నిదానిస్తాను. రెండు సెస్టెర్షియస్‌లు చెప్పుకోవాలి, రెండూ మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, పాతిక గ్రాముల పైన బరువు. ఒకదాని మీద సెరెస్ అనే పంటల దేవత కూర్చుని ఉంటుంది, చేతిలో గోధుమ వెన్నులు, దివిటీ. ఎదురుగా అన్నోనా నిలబడి ఉంటుంది, చేతిలో పంటకొమ్ము. ఇద్దరికీ మధ్య ఒక బలిపీఠం, దాని మీద మోడియస్. వెనకాల నుంచి ఓడ వెనకభాగం తొంగిచూస్తుంది. పంట, ప్రయాణం, కొలత, పంపకం అన్నీ అరచేతిలో సగం లేని చోట ఇరికించారు. రెండోది రేవు బొమ్మ. పక్షి పైనుంచి చూసినట్టు, ఒకవైపు కమానుల కట్ట, రెండోవైపు అడ్డుగోడ, మధ్యలో ఓడలు. కొన్ని తెరచాప ఎత్తి ఉన్నాయి, కొన్ని దించేశాయి, చిన్న పడవ ఒకటి తెడ్లతో పోతోంది. అచ్చును బట్టి ఓడల సంఖ్య మారుతుంది. అడుగున గడ్డం ఉన్న దేవుడొకడు ఒరిగి పడుకుని ఉంటాడు, పక్కన డాల్ఫిన్. ఆ అచ్చు చెక్కినవాడి పేరు మనకు తెలియదు గానీ వాడి పనితనానికి నేను ఎప్పుడూ దండం పెడతాను.

ఇవి వచ్చింది 64 ప్రాంతం నుంచి. ఇప్పుడు 62కి వెళ్ళండి. సరిగ్గా ఆ రేవులోనే, ఆ కట్టల లోపలే, తుఫాను వచ్చి దాదాపు 200 ధాన్యం ఓడలు మునిగిపోయాయి. టైబర్ మీదుగా పైకి వచ్చిన మరో వంద అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అప్పుడు నీరో చేసిన పని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు: నిల్వ ఉండి పాడైపోయిన జనం తాలూకు ధాన్యాన్ని టైబర్‌లో పోయించాడు. ఎందుకు? గింజకు కొరత లేదు, చూడండి, పారబోసేంత ఉంది అని నమ్మించడానికి. ధర కూడా పెరగనివ్వలేదు. 64లో మహా అగ్నిప్రమాదం, నగరంలో సగానికి పైగా పేటలు నాశనం. అప్పుడే ఇందాక చెప్పిన మూడు సెస్టెర్షియస్‌ల ధర. ఇదంతా తెలిశాక ఆ రేవు బొమ్మ మళ్ళీ చూస్తే, ప్రశాంతంగా తేలుతున్న ఆ ఓడలు నాకు ఓడల్లా కనిపించవు, 200 ఓడలు మునిగిన నీళ్ళ మీద కప్పిన దుప్పటిలా కనిపిస్తాయి. నదిలో పోసిన పాడు గోధుమలూ, నాణెం మీద తేలే ఓడలూ ఒకే పని చేశాయి.

68లో ఏమైంది? మళ్ళీ ధరలు మండాయి. ఆకలి మీదున్న నగరానికి ఈజిప్టు రేవు అలెగ్జాండ్రియా నుంచి ఓడ వచ్చిందన్నారు, తీరా చూస్తే అందులో ఉన్నది రాజాస్థానం మల్లయోధుల కోసం ఇసుక. చరిత్రకారుడు సుయెటోనియస్ చెప్పిన మాట ఇది. నీరో మీద జనానికి పుట్టిన అసహ్యానికి ఆయన చూపే కారణాల్లో అదొకటి. ఆ ఏడాది జూన్‌లో నీరో కథ ముగిసింది. అన్నోనా దేవత బొమ్మ ఎంత అందంగా చెక్కినా ఇసుకను గోధుమలు చేయలేకపోయింది.

"చిల్లర మీద బొమ్మలు ఎవరు చూస్తారండీ, మనం రూపాయి బిళ్ళ మీద ఏముందో చూస్తామా" అని నాతో చాలామంది అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన రూపాయి బిళ్ళ ఏళ్ళ తరబడి మారదు. మనకి పేపరు, టీవీ, ఫోను ఉన్నాయి. రోమ్‌లో రాజు మాట ప్రతి ఇంటి గడప లోపలికి వెళ్ళే దారులు చాలా తక్కువ, అందులో ఏటా మారే బొమ్మలతో వెళ్ళేది నాణెమే. ఇంకో సంగతి, బంగారం, వెండి దేశాలు దాటి పోయేవి. మన నల్గొండ, గుంటూరు, కర్నూలు వైపు భూమిలో దొరికిన రోమన్ నాణేలు చాలావరకు అవే, అగస్టస్, టైబీరియస్‌ల వెండి, తర్వాతి వాళ్ళ బంగారం. మిరియాలు, నూలుబట్టలు కొనడానికి వచ్చిన డబ్బు అది. నీరో రేవు బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ళకు మన వర్తకుల దగ్గర పనేముంది? ఆ బొమ్మ ఇంటి బజారు కోసం, ఆకలేస్తే వీధిలోకి వచ్చే జనం కోసం. నగరంలో గోధుమల గురించి చెప్పాల్సిన మాటని నగరంలోనే తిరిగే లోహం మీద చెప్పారు. అది యాదృచ్ఛికమని నేను అనుకోను.

మిగతా రాజుల జాబితా చెబుతూ పోతే వ్యాసం తెమలదు. నెర్వా 97లో కొలపాత్రలోంచి గోధుమ వెన్నులు లేచినట్టు బొమ్మ వేసి, చుట్టూ "నగర సామాన్యులకు ధాన్యం ఏర్పాటు చేసినందుకు" అని రాయించాడు. అంతకు ముందు చక్రవర్తి డొమీషియన్ హత్య తర్వాత గద్దెనెక్కిన ముసలాయన, సైన్యం పట్టు లేదు, బలం ఎక్కడ వెతుక్కున్నాడో నాణెమే చెబుతోంది. ట్రాజన్ క్లాడియస్ రేవు పక్కనే ఆరు మూలల రేవు తవ్వించి దాన్నీ నాణెం మీద వేయించాడు. ఇవాళ రోమ్ విమానాశ్రయంలో దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే ఆ ఆరు మూలల చెరువు కనిపిస్తుంది. కొమ్మోడస్ 186లో తెరచాపలు ఎత్తిన ఓడ వేసి "చక్రవర్తి ముందుచూపు" అని రాయించాడు. నాలుగేళ్ళు తిరగకుండా 190లో గింజ కొరత వచ్చింది. ధాన్యం శాఖ అధికారి పపీరియస్ డయోనీసియస్, రాజుకి కుడిభుజమైన క్లియాండర్ మీదకి నేరం పోవాలని కొరతను కావాలనే ఇంకా పెంచాడంటాడు చరిత్రకారుడు కాసియస్ డియో. పందేల మైదానంలో పిల్లలు నినాదాలు మొదలుపెట్టారు, పెద్దలు అందుకున్నారు, అందరూ కలిసి కొమ్మోడస్ ఉన్న తోట మీదకు నడిచారు. ఆయన భయపడి క్లియాండర్ తల నరికించి వాళ్ళకి అప్పగించాడు. ఆటలు చూస్తూ నోరు మూసుకున్న జనమట! ఆటల మైదానంలోనే కదా లేచి నిలబడ్డారు.

ఇక వాట్సాప్ వాళ్ళ చరిత్రకి నా జవాబు ఒక్కటే, తేదీలు చూడండి. ధాన్యం ఉచితం అయింది క్రీ.పూ. 58లో. పశ్చిమాన చివరి చక్రవర్తి దిగిపోయింది క్రీ.శ. 476లో. అయిదు వందల ఏళ్ళు దాటి నిలబడినదాన్ని పతనానికి కారణం అనడం ఎలా? తూర్పున కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్ కట్టాక ఈజిప్టు గోధుమలు అటు మళ్ళాయి. 439లో వాండల్‌లు అనే జర్మన్ తెగవాళ్ళు ఉత్తరాఫ్రికాలోని కార్తేజ్‌ని పట్టుకున్నాక ఆఫ్రికా గోధుమల మీద రోమ్‌కి పట్టు పోయింది. ఆ తర్వాతే రోమ్ నగర జనాభా కుప్పకూలింది. గింజ ఇచ్చినందుకు నగరం పోలేదు, గింజ రావడం ఆగితే పోయింది.

అంతమాత్రాన ఆ నాణేల్ని నేను గుండెలకు హత్తుకోవడం లేదు. వాటిలో లేని మనుషులే నన్ను ఎక్కువ కలవరపెడతారు. దేవతలున్నారు, ఓడలున్నాయి, పాత్ర ఉంది, వెన్నులున్నాయి. విత్తినవాడు, కోసినవాడు, బస్తా మోసినవాడు ఈ అన్నోనా నాణేల మీద లేరు. మోసినవాళ్ళని చూడాలంటే ఆస్టియా దగ్గర ఒక సమాధిలో దొరికిన చిత్రం చూడాలి. ఐసిస్ గిమినియానా అనే పడవ, దాని వెనక భాగంలో ఫార్నేసెస్ అనే నాయకుడు, పలక మీదుగా భుజాన బస్తాలతో నడుస్తున్న కూలీలు, ఒకడు గోధుమల్ని కొలపాత్రలోకి వంపుతున్నాడు. ఆ పనిలో బతికినవాళ్ళు సొంత డబ్బుతో గోడ మీద వేయించుకున్న బొమ్మ అది. నాణెంలో ఉన్న మోడియస్సే ఇక్కడా ఉంది, దాని పక్కన మనుషులు కూడా ఉన్నారు.

పండించినవాడు ఇంకా దూరం. గోధుమల్లో పెద్ద వాటాలు ఆఫ్రికావి, ఈజిప్టువి. ఈజిప్టు నుంచి వచ్చిందాంట్లో ఎక్కువ భాగం కొన్నది కాదు, పన్నుగా, కౌలుగా గింజ రూపంలోనే కళ్ళం దగ్గర కొలుచుకున్నది. అక్కడి నుంచి గాడిదల మీద నది ఒడ్డుకి, పడవల్లో అలెగ్జాండ్రియాకి. మధ్యలో మట్టి, బార్లీ కలిపేస్తారేమోనని చిన్న కుండల్లో మచ్చు గింజ పోసి సీలు వేసి కూడా పంపేవాళ్ళు. గింజకి అంత కాపలా ఉంది. రైతుకి? గేలెన్ అనే వైద్యుడు కరువు రోజుల్లో పల్లెల్లో తను చూసింది రాశాడు: కోతలవగానే పట్నంవాళ్ళు ఏడాదికి సరిపడా గోధుమలు, బార్లీ, పప్పులు పట్టుకుపోతే, పల్లెవాళ్ళు మిగిలిన పప్పుధాన్యాలు చలికాలంలో తినేసి, వసంతం నాటికి చెట్ల చిగుళ్ళు, దుంపలు, పనికిరాని ఆకులు తిని జబ్బుపడ్డారని. పట్నంవాడు ఆకలేస్తే రాజు మీద రొట్టె విసరగలడు. పల్లెవాడికి విసరడానికి రొట్టె లేదు, కనుచూపు మేరలో రాజూ లేడు.

అతను చేయగలిగింది ఒక్కటే, ఊరు వదిలి పారిపోవడం. ఈజిప్టులో అదే చేశారు. పన్ను కట్టలేక పారిపోయినవాళ్ళ భార్యల్ని, పిల్లల్ని, ముసలి తల్లిదండ్రుల్ని పన్ను వసూలుదారు పట్టుకుని హింసించిన తీరు అలెగ్జాండ్రియా వాసి ఫైలో రాశాడు. చదవలేం.

అలెగ్జాండ్రియా టంకశాల కూడా కంచు నాణేలు వేసేది, అందమైనవి. నైలు దేవుడు ఒరిగి పడుకుని ఉంటాడు, పక్కన 16 అనే అంకె, గ్రీకు అక్షరాల్లో. వరద పదహారు మూరలు వస్తే పంటలు పండినట్టే. పన్నెండు మూరలైతే ఆకలి, పదహారైతే పండగ అని రోమన్ రచయిత ప్లినీ లెక్క చెప్పాడు. అంటోనైనస్ పయస్ చక్రవర్తి పాలన 17వ ఏట, అంటే క్రీ.శ. 153, 154ల మధ్య, ఆ టంకశాల ద్రాక్మా అనే ఒక పెద్ద కంచు నాణెం వేసింది. గడ్డాలున్న ఇద్దరు నదీ దేవుళ్ళు చేతిలో చెయ్యి వేసుకుని నిలబడ్డారు, ఒకడు టైబర్, ఒకడు నైలు. టైబర్ పేరు పక్కనే "సామరస్యం" అని రాసి ఉంది. తినే నదీ, పెట్టే నదీ స్నేహంగా ఉన్నాయని. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎందుకంటే 154లోనే ఈజిప్టు గవర్నర్ సెంప్రోనియస్ లిబరాలిస్ జారీ చేసిన ఉత్తర్వు ఒక పపైరస్ మీద మిగిలింది. ఇటీవలి కష్టాల వల్ల ఇళ్ళు వదిలి పోయినవాళ్ళు, పేదరికం వల్ల ప్రభుత్వం మోపిన ఊడిగాలు తప్పించుకు తిరుగుతున్నవాళ్ళు భయపడకుండా సొంత ఊళ్ళకి తిరిగి రావాలని, వచ్చి పొలం పనులు చూసుకోవాలని అందులో ఉంది. చేతులు కలిపిన నైలు ఒడ్డున పొలాలు మనుషుల్లేక పడి ఉన్నాయన్నమాట.

ఆ ద్రాక్మా రోమ్‌లో చెల్లదు. అలెగ్జాండ్రియా నాణేలు ఈజిప్టు దాటితే పనికిరావు, బయటి నాణేలు లోపల చెల్లవు. కాబట్టి టైబర్, నైలు చేతులు కలిపిన బొమ్మని రోమ్ జనం కోసం వేయలేదు, ఆ పారిపోయిన రైతుల దేశంలోనే, వాళ్ళ సంతల్లోనే తిప్పారు. ఉత్తర్వులో గవర్నర్ వాళ్ళకి ఇచ్చిన గడువు మూడు నెలలు. ఆ తర్వాత కూడా పరాయి ఊళ్ళో తిరుగుతూ దొరికితే, అనుమానితుడిగా కాకుండా నేరం ఒప్పుకున్న దుర్మార్గుడిగా పట్టుకుని తన ముందుకు పంపిస్తారని రాయించాడు.